ట్రంకు పెట్టె మీది ఇంగ్లీషు ఇంటిపేరు కోసం ఫ్రీబీఎండీ వాడాను, నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇంగ్లండ్‌లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల రికార్డులు ఫ్రీగా వెతుక్కునే ఫ్రీబీఎండీ సైట్‌కి నా రేటింగ్ ఐదుకి ఐదు. ఒక్క రూపాయి కట్టకుండా, రాజాంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఫోన్ నెట్‌తోనే వందేళ్ల కిందటి ఇంగ్లండ్ రిజిస్టర్లు తిరగేసాను. దీనికి ముందు వేరే సైట్‌లో డబ్బులు పోగొట్టుకున్నాను కాబట్టి ఈ రివ్యూ రాస్తున్నా, ఇంకొకరు పోగొట్టుకోకూడదనీసి.

ఇంగ్లీషోళ్ల ఇంటిపేరుతో నీకేం పని అని మా స్కూల్లో స్టాఫ్ అంతా అడిగారు, మా మామ్మ అయితే రోజూ అడిగింది. పని ఉంది. మా తాత బీఎన్ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో విజయనగరం స్టేషన్ దగ్గర లైన్ మీద గ్యాంగ్‌లో చేసేవాడు, అక్కడ ఎప్పుడో వేలంపాటలో ఒక చెక్క ట్రంకు పెట్టె కొన్నాడు, మూలలకి ఇత్తడి రేకు, పైన నల్ల రంగు. మా ఇంట్లో అందరి పెళ్లి బట్టలూ అందులోనే ఉండేవి, నేను పుట్టినప్పటి చొక్కా కూడా అందులోనే ఉంది. మొన్న వేసవిలో చెద పడుతుందని పెట్టె బయటికి తీసి, పాత రంగు గీకి, వార్నిష్ వేద్దామని మొదలెట్టాను, మూత మీద నల్ల రంగు కింద తెల్ల అక్షరాలు బయటపడ్డాయి. ముందున్న పేరు అక్షరాలు గీతలు పడి పోయాయి, ఇంటిపేరు మాత్రం శుభ్రంగా ఉంది. నేను దాన్ని (Birtwhistle) బర్ట్‌విజిల్ అని చదివాను. సరిగ్గా పలికితే బర్ట్‌విసిల్, ఎస్ తర్వాత ఉండే టీ అక్షరం పలకరు. మా మామ్మ పెళ్లి చీర ఎవరి పెట్టెలో ఉందో నాకు తెలియాలనిపించింది, అంతే. మనం ఒక ఇంట్లో అద్దెకి ఉన్నా ఇంటి ఓనరు పేరు తెలుసుకుంటాం కదా.

గూగుల్‌లో కొట్టగానే మొదట వచ్చింది ఒక డబ్బులు కట్టే సైట్, పేరు రాయను. మీ ఇంటిపేరు చరిత్ర, మూలం, వంశ చిహ్నం అన్నీ ఇస్తాం అన్నారు, కార్డు మీద 1,850 రూపాయలు కట్టీసాను. రెండు నిమిషాల్లో పీడీఎఫ్ వచ్చింది, చుట్టూ తీగల బొమ్మలు, మధ్యలో ఒక డాలు, డాలు మీద పిట్ట. కింద ఒక పేజీ కథ: ఈ వంశం మూలపురుషుడు పిట్టలా ఈల వేసేవాడు, అందుకని ఆ పేరు వచ్చింది అని. ఊరు లేదు, సంవత్సరం లేదు, ఏ రిజిస్టర్లో చూసారో లేదు. నెల తిరిగేసరికి మళ్లీ డబ్బులు కట్ అయ్యాయి, ఆటో రెన్యువల్ అట, దాన్ని ఆపించడానికి నాలుగు మెయిళ్లు పెట్టాల్సి వచ్చింది. డబ్బుల కన్నా ఆ కథ ఎక్కువ బాధపెట్టింది నన్ను, ఎందుకంటే అది నేను నమ్మీసి మా మామ్మకి చెప్పీసాను కూడా.

ఆ డాలు బొమ్మ గురించి ఒక్క మాట, ఇది అందరూ తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో వంశ చిహ్నం అనేది ఇంటిపేరుకి ఉండదు, ఒక మనిషికి ఇస్తారు, ఆ మనిషి నుంచి వారసత్వంగా వచ్చినవాళ్లకే అది చెల్లుతుంది. దానికి లండన్‌లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని 1484 నుంచి ఒక సంస్థే ఉంది. ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరిలో ఒకడికి ఉండొచ్చు, ఇంకొకడికి అసలు లేకపోవచ్చు. కాబట్టి మీ ఇంటిపేరు డాలు అని కప్పు మీదా టీషర్టు మీదా ముద్రేసి అమ్మేదంతా అలంకారమే, చరిత్ర కాదు.

తర్వాత విశాఖలో ఉండే మా పిన్ని కొడుకు ఫ్రీబీఎండీ గురించి చెప్పాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై 1 నుంచి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు గవర్నమెంటు రిజిస్టర్ చెయ్యడం మొదలెట్టింది, వాటి ఇండెక్సుల్ని వాలంటీర్లు కూర్చుని ఒక్కో లైనూ టైపు చేస్తున్నారు, 1998 నుంచి. జీతాలు లేవు. కోట్ల ఎంట్రీలు అయ్యాయి ఇప్పటికి. ఒక చారిటీ కింద నడుస్తుంది, అదే చారిటీకి చర్చి రిజిస్టర్ల కోసం ఫ్రీరెగ్, జనాభా లెక్కల కోసం ఫ్రీసెన్ అని ఇంకో రెండు కూడా ఉన్నాయి.

సైట్ చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది, యాప్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, మా ఊళ్లో కరెంటు పోయి టవర్ వీకైపోయినా కూడా ఓపెన్ అవుతుంది, నాకది చాలా నచ్చింది. ఇంటిపేరు కొట్టాలి, పుట్టుకా పెళ్లా చావా టిక్ పెట్టాలి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకో పెట్టాలి, ఫైండ్ నొక్కాలి. ఇక్కడ ఒక సంగతి, సంవత్సరాన్ని నాలుగు ముక్కలుగా చేసారు, మార్చి క్వార్టర్ అంటే జనవరి నుంచి మార్చి దాకా రిజిస్టర్ అయినవి. పుట్టిన రోజు కాదు, రిజిస్టర్ అయిన రోజు. బిడ్డ పుట్టాక 42 రోజుల్లో రిజిస్టర్ చేయించాలని రూలు కాబట్టి మార్చిలో పుట్టినోడు జూన్ క్వార్టర్లో కనపడొచ్చు. మా స్కూల్లో పిల్లల డేట్ ఆఫ్ బర్త్ ఆధార్లో ఒకటి, టీసీలో ఒకటి ఉన్నట్టు అనుకోండి.

వచ్చే టేబుల్లో పేరు, జిల్లా, వాల్యూమ్, పేజీ ఉంటాయి. ఈ జిల్లా అంటే మన జిల్లా లాంటిది కాదు, రిజిస్ట్రేషన్ డిస్ట్రిక్ట్, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధి లాంటిది. కొన్ని పేర్లు బోల్డు అక్షరాల్లో ఉంటాయి, ఎందుకో మొదట అర్థం కాలేదు, తర్వాత చూస్తే ఒకే లైన్‌ని ఇద్దరు వేర్వేరుగా టైపు చేసి రెండూ సరిపోయినవి బోల్డులో ఉంటాయట. ఎంత శ్రద్ధ చూడండి. పక్కన కళ్లజోడు బొమ్మ ఉంటే నొక్కితే అసలు పేజీ స్కాన్ వస్తుంది, చేత్తో రాసినదో ప్రింటు వేసినదో, మనమే చదివి సరిచూసుకోవచ్చు. ఆ పేజీ మొదటిసారి తెరుచుకున్నప్పుడు, నల్ల సిరాతో ఎవడో గుమాస్తా రాసిన వంకర అక్షరాల్లో మా పెట్టె మీది పేరు కనపడినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, నిజం చెప్తున్నా.

ఇప్పుడు అసలు విషయం. పదేళ్లు పదేళ్లు చొప్పున ముక్కలు చేసి వెతికాను. ఎన్నిసార్లు వెతికినా జిల్లా కాలమ్‌లో అవే మూడు పేర్లు ఎక్కువ కనపడుతున్నాయి: బ్లాక్‌బర్న్, బర్న్లీ, హాస్లింగ్డెన్. పక్కన వాల్యూమ్ నంబరు 8ఇ. మూడూ వాయవ్య ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పక్కపక్కన ఉన్నవే. అదే స్మిత్ అని కొట్టండి, ఇంగ్లండ్ అంతా పరుచుకుని ఉంటుంది, ఫలితాలు మరీ ఎక్కువ, కాలం తగ్గించి వెతకమంటుంది సైట్. ఎందుకంటే స్మిత్ అంటే కమ్మరి, ప్రతి ఊళ్లోనూ కమ్మరి ఉంటాడు, ప్రతి ఊళ్లోనూ ఆ పేరు విడిగా పుట్టింది. ఈ పేరు అలా కాదు. ఒక్క చోట పుట్టింది, అక్కడే తిరిగింది.

ఆ చోటు ఏదంటే, లాంకషైర్‌లో పాడిహమ్ అని ఊరు, దాని దగ్గర హాప్టన్, ఆ హాప్టన్‌లో బర్ట్‌విసిల్ అనే చిన్న పల్లె ఉండేది. ఇప్పుడు ఆ పల్లె లేదు. పేరు మాత్రం మనుషుల మీద మిగిలింది. ఊరు పోయి ఇంటిపేరు మిగలడం అనేది మనకి కొత్త కాదు కదా, మన దగ్గర ఇంటిపేర్లు సగం ఊళ్ల పేర్లే. మా క్లాసులో పిల్లల్ని అడిగాను, బొబ్బిలి వాళ్లున్నారు, పొందూరు వాళ్లున్నారు, ఆ ఊళ్లలో వీళ్లకి సెంటు భూమి లేదు, తాత ముత్తాతలు ఎప్పుడు వచ్చేసారో తెలీదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఊరి పేరుతో ఎవడూ పిలవడు, అందరిదీ అదే ఊరు కాబట్టి. ఊరు విడిచాకే ఊరు పేరు అంటుకుంటుంది. విజయనగరంలో ఉండి రాసిన గురజాడ అప్పారావు గారి ఇంటిపేరు కృష్ణా జిల్లాలో ఊరు. ఇంగ్లండ్‌లోనూ అచ్చం అంతే, 1100 నుంచి 1400 మధ్యలో అలా చాలా పేర్లు గట్టిపడ్డాయి.

ఇక పేరుకి అర్థం. దీంట్లో ఈల లేదు! విజిల్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లీషులో ట్విస్లా అని మాట, రెండు ఏర్లు కలిసే చోటు, ఆ రెండింటి మధ్య కొసగా ఉండే నేల. అదే ప్రాంతంలో ఎంట్‌విసిల్, ఆస్వల్డ్‌ట్విసిల్ అని ఊళ్లున్నాయి, అన్నింట్లోనూ ఇదే మాట. ముందున్న బర్ట్ అనేది బ్రిడ్ అనే పాత మాట, పిట్ట పిల్ల అని. అంటే పిట్టలు తిరిగే ఏటి సంగమం. ఆ పీడీఎఫ్ వాళ్లు పిట్ట వరకు సరిగ్గానే చెప్పారు, ఈల మాత్రం వాళ్లు చెవికి తగ్గట్టు అల్లుకున్నది. చెవికి ఎలా వినపడితే అలా అర్థం కట్టడం, దాన్నే చరిత్ర అని డబ్బులకి అమ్మడం చాలా తప్పు.

సంగమం అని చదవగానే నేను లేచి నిలబడిపోయాను. మా మామ్మ పుట్టిల్లు వంగర దగ్గర సంగాం. నాగావళి, సువర్ణముఖి, వేగావతి మూడూ కలిసే చోటు, సంగమేశ్వరుడి గుడి ఉంటుంది, శివరాత్రికి జాతర. వెళ్లి మామ్మకి చెప్పాను.

"మామ్మా, ఆ పెట్టె మీద పేరు ఈలేసినోడిది కాదట. మన సంగాం ఉందే, అలాంటి ఊరు పేరట."

"ఏటీ, ఆ దేశంలో కూడా సంగాం ఉందేటి?"

"ఉంది. రెండు ఏర్లు కలుస్తాయి అక్కడ. ఊరు పోయిందట, పేరే మిగిలింది."

మామ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా పుట్టింటోల్ల పెట్టే అన్నమాట అది. నాకెవుళూ సెప్పనేదు, అరవయ్యేళ్లు కోకలు దాచాను అందులో" అంది. అప్పట్నుంచి ఆ పెట్టెని సంగాం పెట్టె అంటోంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

మా పెట్టె మీద స్పెల్లింగులో డబ్ల్యూ తర్వాత ఒక హెచ్ ఉంది. ఎక్కువమంది రాసేది హెచ్ లేకుండా. మొదట హెచ్ పెట్టే వెతికాను, కొన్నే వచ్చాయి, హెచ్ తీసేసాక బోలెడు వచ్చాయి. అందుకే చెప్తున్నా, ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి వదిలేయకండి. తెలియని అక్షరం దగ్గర నక్షత్రం గుర్తు పెడితే అన్ని రకాలూ వస్తాయి, ఫొనెటిక్ అని బాక్సు ఉంటుంది అది టిక్ పెడితే పలుకుబడి దగ్గరగా ఉన్నవీ చూపిస్తుంది. చదువు రాని మనిషి పేరు చెప్తాడు, గుమాస్తా తనకి వినపడినట్టు రాస్తాడు, అదే ఆ ఇంటికి పేరైపోతుంది. మన శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసి పెట్టినవాళ్లు వాళ్ల సొంత ఊళ్ల పేర్లని కూడా అంతే చేసారన్నమాట! హెచ్ వచ్చింది కూడా ఈల అని అపోహ పడ్డవాళ్ల వల్లే అని నా నమ్మకం. అమెరికా వెళ్లినవాళ్లలో అయితే ఏకంగా బర్డ్‌విసిల్ అయిపోయింది, మనిషి ఒంటి కదలికల్ని, సైగల్ని భాషలా చదవొచ్చని చెప్పి కైనెసిక్స్ అనే చదువుకి దారి వేసిన రే బర్డ్‌విసిల్ అనే ఆంత్రపాలజిస్ట్ ఇంటిపేరు అదే.

ఇంకోటి, పాత ఇంగ్లీషు బ్రిడ్ ఇప్పటి బర్డ్ ఎలా అయిందంటే ఆర్ అక్షరం అటు నుంచి ఇటు జరిగింది, అంతే. ఇది మన తెలుగులోనూ జరిగింది, తమిళంలో ఉరల్ అనేది మనకి రోలు. తెలుగు సారుకి ఈ ముక్క చెప్తే ఆయన రెండు పీరియడ్లు ఇదే మాట్లాడాడు.

ఇంత మంచి పేరు ఎందుకు అరుదుగా మిగిలింది అని నేను చాలా ఆలోచించాను. ఒకటి, ఒక్క పల్లెలో పుట్టింది కాబట్టి మొదలే చిన్నది. రెండు, అక్కడ పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారిపోతుంది, కొడుకులు లేని ఇల్లయితే పేరు ఆగిపోతుంది. మన దగ్గర కూడా అంతే కదా, నలుగురు కూతుళ్లున్న మా పెద్దమామయ్య ఇంటిపేరు ఇప్పుడు ఆ వీధిలో లేదు. దీని మీద లెక్క కూడా ఉంది, 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయి అని ఒక లెక్కల సమస్య పెట్టాడు, వాట్సన్ అనే చర్చి ఫాదర్ దాన్ని పట్టుకున్నాడు. సగటున ఒక్కో మగవాడికి ఒక కొడుకు కన్నా తక్కువ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ పేరు పోవాల్సిందే. సగటు ఎక్కువున్నా కూడా మొదట్లో చిన్నగా ఉన్న పేరుకి పోయే అవకాశం ఎక్కువే. తర్వాత కాలంలో అణు విచ్ఛిత్తి గొలుసుకట్టు చర్యకీ అంటురోగాలు పాకడానికీ కూడా ఇదే లెక్క వాడారట. ఇంటిపేర్ల కోసం పుట్టిన లెక్క! మా టెన్త్ పిల్లలకి బోర్డు మీద చెట్టు గీసి చూపించాను, ఎక్కడ కొమ్మ ఆగిపోతే అక్కడ ఎర్ర చాక్‌పీసుతో కొట్టేసాను, పిల్లలు వాళ్ల వాళ్ల ఇళ్ల చెట్లు గీసుకొచ్చారు తర్వాత రోజు.

అరుదైన పేరుకి ఒక లాభం కూడా ఉంది. స్మిత్‌లు ఇద్దరు కలిస్తే చుట్టాలు అవ్వాలని ఏం లేదు. అరుదైన పేరు వాళ్లిద్దరు కలిస్తే వెనక్కి వెళ్తే ఒకే తాత దొరికే అవకాశం చాలా ఎక్కువ. 2000లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్ అనే జన్యు శాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న మగవాళ్ల వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది) చూస్తే దాదాపు సగం మందికి ఒకే గుర్తు వచ్చింది. సైక్స్ అంటే కూడా చిన్న వాగు అనే అర్థం, మళ్లీ నీళ్లే. లెస్టర్ యూనివర్సిటీ వాళ్లు తర్వాత ఇంకా చాలా పేర్లు చూసారు, పేరు ఎంత అరుదైతే ఆ పోలిక అంత ఎక్కువ అని తేలింది.

లాంకషైర్ వెలిగింది బట్ట వల్ల. బ్లాక్‌బర్న్, బర్న్లీ, ఆక్రింగ్టన్ అన్నీ మగ్గాల ఊళ్లు, మిల్లు గొట్టాలే. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి 1861 నుంచి పత్తి ఆగిపోతే ఆ ఊళ్లలో జనం తిండి లేక అల్లాడిపోయారు. ఈ పేరున్నవాళ్లలో నేతపని వాళ్లు ఉండకుండా ఎలా ఉంటారు ఆ ఊళ్లలో. మా తాత వైపు చుట్టాలు పొందూరు వాళ్లు, కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి నేసే సన్న ఖాదీ వాళ్లది. ఏ మిల్లు బట్ట మీద కోపంతో మనవాళ్లు రాట్నం పట్టారో ఆ మిల్లు బట్ట వచ్చింది ఆ ఊళ్ల నుంచే. 1931 సెప్టెంబర్‌లో గాంధీ గారు రౌండ్ టేబుల్‌కి వెళ్లినప్పుడు బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్ వెళ్లి పని పోయిన మిల్లు కార్మికుల్ని కలిసారు. ఫోటో ఉంది, మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ నిలబడి చేతులెత్తి కేకలేస్తున్నారు, అందరి ముఖాల్లో నవ్వే. వాళ్ల పని పోవడానికి ఈయన బహిష్కారం కూడా ఒక కారణం అని తెలిసి కూడా. ఆ ఫోటో చూసి నేను ఆ ఆడవాళ్లలో ఒక్కరైనా ఈ ఇంటిపేరు వాళ్లు ఉన్నారేమో అని ఒక్కొక్క ముఖం చూసాను. పొందూరు నూలు చీర ఆ పెట్టెలో అరవై ఏళ్లు ఉంది, దాని పక్కన ఈ సంగతి పెట్టుకుంటే నాకు ఏదోలా ఉంటుంది.

ఈ పేరుకి బాగా పేరు తెచ్చినవాడు హారిసన్ బర్ట్‌విసిల్ అనే సంగీతకర్త, 1934లో ఆక్రింగ్టన్‌లో పుట్టాడు, 2022లో పోయాడు. మళ్లీ చూడండి, ఆ పల్లె నుంచి ఆక్రింగ్టన్ ఎంతో దూరం లేదు. అన్ని వందల ఏళ్లలో పేరు అంతే కదిలింది.

ఆక్రింగ్టన్ అంటే ఇంకోటి చెప్పాలి, మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ కుర్రాళ్లు చాలామంది ఒకే బెటాలియన్‌లో చేరారు, 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో అరగంటలో దాదాపు 700 మందిలో 580కి పైగా చనిపోవడమో గాయపడ్డమో జరిగింది. ఒక్క పొద్దున ఊరు ఊరంతా. చిన్న ప్రాంతంలో ఉన్న ఇంటిపేర్లకి ఇలాంటి రోజు ఎంత దెబ్బో. ఫ్రాన్స్‌లో చనిపోయినవాళ్లు ఫ్రీబీఎండీ చావుల్లో కనపడరు, అవి ఇంగ్లండ్ జిల్లాల్లో రిజిస్టర్ అయినవి కావు కాబట్టి. సైనికుల కోసం కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్ చూడాలి, అదీ ఫ్రీయే.

మన వైపు వచ్చిన ఇంగ్లీషువాళ్ల కోసమైతే ఫ్రీబీఎండీ పనికిరాదు, అది ఇంగ్లండ్, వేల్స్ వరకే, స్కాట్లాండ్ కూడా ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ఇక్కడి తెల్లవాళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల లెక్క మద్రాసు నుంచి లండన్‌కి వెళ్లింది, బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్2 అనే వరుసలో ఉంటుంది. దానికి ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఉంది, వాళ్ల డేటాబేస్ వెతకడం ఫ్రీ. ఇంటిపేరు కొట్టి, ప్రెసిడెన్సీ మద్రాసు అని చూసుకోండి, ఊరి పేర్లు మాత్రం చికాకోల్, విజియనాగ్రమ్ ఇలా పాత స్పెల్లింగులతో కొట్టాలి, లేకపోతే రాదు. మా పెట్టె మీద మొదటి పేరు గీకిపోయింది కాబట్టి ఫలానా మనిషిదే అని నేను అనను, అనకూడదు కూడా, రికార్డు లేకుండా తాత పేరు అంటగట్టడం ఆ పీడీఎఫ్ వాళ్లు చేసిన పనే అవుతుంది.

ఇది మొదలెట్టాక ఏ ఇంగ్లీషు పేరు కనపడినా ఆగుతున్నా. వాడుక భాష కోసం గిడుగు, గురజాడ కొట్లాడిన రోజుల్లో వాళ్లకి తోడున్న స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ యేట్స్ దొర పేరు మన తెలుగు పాఠాల్లో వింటుంటాం. యేట్స్ అంటే గేటు. గేటు దగ్గర ఉండేవాళ్లో గేటు కాపలా వాళ్లో అని. ఇది అరుదైన పేరు కాదు, గేట్లు అన్ని ఊళ్లలోనూ ఉంటాయి మరి. కానీ మన మాటల్ని బడిలోకి రానివ్వాలన్న మనిషి ఇంటిపేరు గేటు అవ్వడం నాకు భలే నచ్చింది, క్లాసులో చెప్పాను.

ఇంకా వాడే విధానం గురించి మిగిలినవి. 1911 సెప్టెంబర్ క్వార్టర్ నుంచి పుట్టుకల ఇండెక్సులో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది, అక్కణ్నుంచి వెతుకులాట చాలా తేలిక, అన్నదమ్ముల్ని ఒక గుంపుగా పట్టుకోవచ్చు. 1912 నుంచి పెళ్లిళ్లలో రెండో వైపు ఇంటిపేరు వస్తుంది. 1866 నుంచి చావుల్లో వయసు ఉంటుంది. అంతకు ముందువి అయితే ఓపిక కావాలి. ఇండెక్సులో ఊరు ఉండదు, అమ్మానాన్నల పేర్లు ఉండవు, అవి కావాలంటే ఆ వాల్యూమ్, పేజీ నంబర్లతో ఇంగ్లండ్ గవర్నమెంటు దగ్గర సర్టిఫికెట్ కొనాలి, దానికి పౌండ్లు కట్టాలి, నేను కొనలేదు. 1837కి ముందు కావాలంటే చర్చి రిజిస్టర్లు, అవి 1538 నుంచి ఉన్నాయి, ఫ్రీరెగ్‌లో చూడండి, అన్ని చర్చిలవీ ఎక్కలేదు కానీ లాంకషైర్‌వి చాలా దొరుకుతాయి వేరే ఫ్రీ సైట్లలో కూడా. 1881 జనాభా లెక్కలు ఫ్యామిలీసెర్చ్‌లో ఫ్రీ, అకౌంట్ మాత్రం చేసుకోవాలి. అందులో పేరు పక్కన వృత్తి ఉంటుంది, కాటన్ వీవర్, కాటన్ వీవర్ అని వరసగా కనపడుతుంటే పొందూరు వీధిలో నడుస్తున్నట్టే ఉంది నాకు.

ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా పర్లేదు, నాలుగు మాటలు తెలిస్తే చాలు, మా టెన్త్ పిల్ల ఒకమ్మాయి నా కన్నా ఫాస్టుగా వెతుకుతోంది. ఫోన్‌లో అయితే అడ్డంగా తిప్పి పట్టుకోండి, లేకపోతే పేజీ నంబరు కాలమ్ స్క్రీన్ బయటికి పోతుంది. స్కాన్లు కొంచెం బరువు, వైఫై ఉన్నప్పుడు చూడండి. ఎవరి ఎంట్రీ పక్కనైనా మనకి తెలిసింది రాసిపెట్టే సదుపాయం కూడా ఉంది, పోస్టెమ్ అంటారు, చిన్న కవరు బొమ్మ ఉంటుంది. తెలిసిందే రాయండి దయచేసి, తర్వాత వచ్చేవాళ్లు అదే నమ్ముతారు.

పెట్టెకి వార్నిష్ వేసాను, ఆ అక్షరాల మీద మాత్రం వెయ్యలేదు, మెత్తటి గుడ్డతో కొబ్బరినూనె రాసి వదిలేసాను. మామ్మ చీర మళ్లీ లోపల పెట్టింది, దాని మీద ఒక తెల్ల కాయితం మీద పెద్ద అక్షరాలతో పేరూ అర్థమూ తెలుగులో రాసి పెట్టమంది, రాసి పెట్టాను. శివరాత్రికి సంగాం వెళ్తున్నాం.